పొగ వాసనలో లీటన్

నాన్న సంవత్సరికానికి ఏప్రిల్లో ఊరికి వెళ్లాను. దాళ్వా కోతలు సగం అయ్యాయి. సాయంత్రం వంటపని తెమిలాక అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నానో లేదో, పడమటి చేల వైపు నుంచి పొగ మొదలైంది. మధ్యాహ్నం కోత మిషను వచ్చి వెళ్లిన చేలో మిగిలిన గడ్డికి ఎవరో నిప్పు పెట్టారు. తమ్ముడు విసుక్కుంటూ కిటికీలన్నీ మూశాడు. మరదలు ఆరేసిన బట్టలు గబగబా లాక్కొచ్చింది. నేను లేచి గేటు దాకా వెళ్లి నిలబడ్డాను.

"లోపలికి రా అక్కా, దగ్గొస్తుంది" అన్నాడు తమ్ముడు.

వస్తున్నానురా అన్నాను గానీ కదల్లేదు. ఆ వాసన నాకు బాగా తెలుసు. తెలిసింది ఈ ఊళ్లో కాదు, అంతే.

మా చిన్నతనంలో కోనసీమలో గడ్డి తగలబెట్టిన మనిషిని నేను చూడలేదు. గడ్డంటే గేదెల తిండి. కోసిన చేనుని పనలు కట్టి, కుప్ప వేసి, నూర్చి, గడ్డిని మేటు వేసేవాళ్లు. మేటు వేయడం అందరికీ రాదు. వాన పడితే నీళ్లు జారిపోయేలా పైన గోపురంలా తీర్చే చెయ్యి ఊరు మొత్తానికి ఇద్దరికో ముగ్గురికో ఉండేది. మేటెక్కి దొర్లి ఆడుకుంటే నాయనమ్మ కర్ర పట్టుకుని వచ్చేది, మనుషులు తొక్కిన గడ్డిని గేదె ముట్టదని. ఇప్పుడు గేదెలు లేవు, పనలు కట్టేవాళ్లు దొరకరు. మిషను చిందరవందరగా వదిలేసిన గడ్డిని ఏరించే ఖర్చు కంటే అగ్గిపుల్ల చవక.

అందుకే సొంతూళ్లో మా గేటు దగ్గర నిలబడి పీల్చినా, నా లెక్కలో అది లీటన్ వాసన.

*

లీటన్ ఆస్ట్రేలియాలో, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఉంది. సిడ్నీ నుంచి 550 కిలోమీటర్లు లోపలికి. ఏడెనిమిది వేల జనం. మా వారికి పక్కనే ఉన్న యాంకోలో, వ్యవసాయ పరిశోధన కేంద్రంలో వరి మీద ఉద్యోగం వచ్చింది. ఆస్ట్రేలియా అనగానే మా చుట్టాలందరూ సముద్రాన్నీ, తెల్లటి ఆపెరా హౌస్‌నీ ఊహించుకున్నారు. అత్తయ్య అయితే పిల్లని కంగారూల దగ్గరికి వెళ్లనివ్వొద్దంది. వరి చేలని మాత్రం ఎవరూ ఊహించలేదు. వరి ఉద్యోగానికి వెళ్తూ నేనూ ఊహించలేదు, అదే విచిత్రం.

జనవరిలో వెళ్లాం. అక్కడ అది నడివేసవి. సిడ్నీ నుంచి చిన్న విమానంలో నరాండెరాలో దిగేసరికి మన రోహిణి కార్తెని మించిన ఎండ. కానీ చెమట పట్టదు. పెదాలు పగిలిపోతాయి, అంతే. మొహం మీద ఈగలు. నరాండెరా నుంచి లీటన్‌కి ముప్పై కిలోమీటర్లు, రోడ్డుకి అటూ ఇటూ ఎండి తెల్లబడిన గడ్డి, మధ్యలో ఎక్కడో ఒక చెట్టు. ఎక్కడికి వచ్చిపడ్డాం దేవుడా అనుకుంటూ పిల్లని ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాను. ఉన్నట్టుండి ఒక గట్టు, గట్టు పక్కన నిండుగా నీళ్లు, ఆ వెనక కంటికి ఆనినంత మేర పచ్చటి వరి.

"కాలవ!" అని అరిచాను.

కారు తోలుతున్న మా వారి ఆఫీసు ఆయన పామేమో అనుకుని సడన్ బ్రేకు వేశాడు.

తర్వాత తెలిసింది ఆ ఊరి కథ. మరంబిడ్జీ నది మీద ఎగువన బర్రిన్‌జక్ అనే ఆనకట్ట ఉంది. బెరెంబెడ్ దగ్గర నదికి అడ్డుకట్ట వేసి నీళ్లు కాలవలోకి మళ్లించారు. మా వైపు ఊళ్లు ముందు, కాలవ తర్వాత. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యేనాటికే మా ఊళ్లో శివాలయం పాతబడిపోయి ఉంది. లీటన్‌లో కాలవ ముందు, ఊరు తర్వాత. నీళ్లు వస్తున్నాయి కాబట్టి 1913లో ఊరు పెట్టారు. అంతకు ముందూ మనుషులున్నారు, అది విరాజురీ జాతి వాళ్ల నేల. కానీ ప్లాను గీసినవాళ్లు వాళ్లనేమీ అడిగినట్టు లేదు. వరి ఇంకా తర్వాత. 1924లో కాలిఫోర్నియా విత్తనాలు తెచ్చి లీటన్, యాంకో చుట్టుపక్కల వ్యాపారానికి వేయడం మొదలుపెట్టారు.

ఆ ప్లాను గీసింది వాల్టర్ బర్లీ గ్రిఫిన్. కాన్‌బెర్రా రాజధాని గీసిన మనిషే. గుట్ట మీద నీళ్ల ట్యాంకులు, దాని చుట్టూ వంపులు తిరిగే వీధులు. మన ఊళ్లలోలాగా తిన్నగా వెళ్లి కుడి వైపు తిరగమంటే కుదరదు. మొదటి వారం పిల్లని బండిలో కూర్చోబెట్టి పాలకి వెళ్లి, ట్యాంకుల్నే గుర్తు పెట్టుకుని నడిచి, మూడుసార్లు ఒకే ఇంటి ముందుకి వచ్చాను. మూడోసారి ఆ ఇంటావిడ బయటికి వచ్చి మంచినీళ్లిచ్చింది. ఇంతా గీసిన గ్రిఫిన్ చివరికి పోయింది మన లక్నోలో, 1937లో. సమాధీ అక్కడే ఉంది. "మీ ఊరు గీసినాయన మా దేశంలో పడుకుని ఉన్నాడు" అని ఎవరికి చెప్పినా ఆశ్చర్యపోయేవాళ్లు.

*

పైన్ అవెన్యూ అని ఒకటే పెద్ద బజారు. సాయంత్రం అయిదింటికల్లా షట్టర్లు. శనివారం మధ్యాహ్నం నుంచి సోమవారం పొద్దుటి దాకా కర్ఫ్యూ పెట్టినట్టుండేది. మొదట్లో ఆ నిశ్శబ్దానికి నాకు చెవుల్లో హోరుమనేది. చివరనున్న రాక్సీ సినిమాహాలు 1930లో కట్టింది. రాత్రి దాని నియాన్ లైట్లు వెలిగితే, మా అమలాపురంలో సెకండ్ షో వదిలినప్పటి బజారు గుర్తొచ్చేది, జనం తప్ప.

ఊరి పేపరు పేరు ఇరిగేటర్. చేలకి నీరు పారించేవాడు అని అర్థం. ఒక పేపరుకి అలాంటి పేరు మన దగ్గర పెట్టలేకపోయారే అని నాకు ఇప్పటికీ అసూయ. ఆ ఊరి కబుర్లన్నీ నీళ్ల చుట్టూనే. మంగలి షాపులో, స్కూలు గేటు దగ్గర, చర్చి బయట "ఈసారి ఎలొకేషన్ ఎంతట?" అనేదే ప్రశ్న. డ్యాములో ఉన్న నీళ్లని బట్టి ఒక్కో రైతుకి తన వాటాలో ఎంత శాతం ఇస్తారో చెప్పే లెక్క అది. ఆ నంబరు పెరిగితే ఫర్నిచరు షాపులో సోఫాలు అమ్ముడుపోయేవి.

మాటలు పొదుపు. ఊరి బయటి రోడ్ల మీద ఎదురొచ్చే ప్రతి కారువాడూ స్టీరింగ్ మీద నుంచి ఒక్క చూపుడు వేలు పైకెత్తుతాడు. అదే నమస్కారం. మెచ్చుకోలు కూడా అంతే. ఎంత బాగున్నా "నాట్ బ్యాడ్" అంటారు. నేను పొద్దున్నుంచీ కష్టపడి పూర్ణం బూరెలు చేసి పక్కింటికి పట్టుకెళ్తే ఆయన రెండు తిని "నాట్ బ్యాడ్" అన్నాడు. ఆ రాత్రి నాకు ఏడుపొచ్చింది. మర్నాడు ఖాళీ గిన్నెతో వచ్చి ఇంకా ఉన్నాయా అని అడిగాడు.

హెన్రీ లాసన్ అని వాళ్ల పెద్ద రచయిత 1916, 17లలో అక్కడ ఉన్నాడు. అప్పట్లో ఆ కాలవల ప్రాంతమంతా మద్యనిషేధం. ఆయనకి తాగుడు ఎక్కువ. అక్కడుంటే మానేస్తాడని స్నేహితులు ఏదో ఉద్యోగం ఇప్పించి పంపారు. నిషేధం ఉంటే మందు దొరకదనుకున్న ఆ స్నేహితులు మన ఆంధ్రలో 1995 చూసి ఉంటే బాగుండేది.

ఇంట్లో తమాషా ఇంకోటి. ఊరి చివర మిల్లు, చుట్టూ ధాన్యం కొండలు, మా వారి ఉద్యోగం వరి, కానీ మా కంచంలో అన్నం కుదిరేది కాదు. అక్కడ ఎక్కువగా పండేది పొట్టిగా లావుగా ఉండే మీడియం గ్రెయిన్. వండితే ముద్ద. ఆవకాయ కలిపితే లడ్డూలా వచ్చేది. అందుకని అరవై కిలోమీటర్లు పోయి గ్రిఫిత్‌లో బియ్యం, కందిపప్పు, చింతపండు తెచ్చుకునేవాళ్లం. గ్రిఫిత్‌లో పంజాబీ సిక్కులు చాలామంది, గురుద్వారా ఉంది, జూన్‌లో కబడ్డీ పోటీలు జరిగేవి. వరి ఊళ్లో ఉంటూ బియ్యం కోసం ఊరు దాటుతున్నామని చెప్తే అమ్మ ఫోన్లో నమ్మలేదు.

*

పిల్ల స్కూలుకి వెళ్లడం మొదలుపెట్టాక నేను వృద్ధాశ్రమంలో పనికి చేరాను. అక్కడి పెద్దవాళ్ల మాటల్లో ఊరు ఇంకోలా ఉండేది. ఊళ్లో ఒకప్పుడు పెద్ద కేనరీ ఉండేది, పళ్లని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ. లెటోనా అని వాళ్ల బ్రాండు. పీచ్, ఏప్రికాట్, పేర్. వేసవి వస్తే ఊళ్లో ఆడవాళ్లందరూ అక్కడే, బయటి ఊళ్ల నుంచి కూడా పనికి వచ్చేవాళ్లట. 1994లో మూతపడింది.

తొంభై దాటిన ఒకావిడ ఉండేది. తన కొడుకుల పేర్లు మర్చిపోయింది. చేతులు మాత్రం ఏదీ మర్చిపోలేదు. పీచ్ పండు మీద సన్నటి నూగు ఉంటుంది. సీజనంతా ఆ నూగు మణికట్టు మీద పడి దురద పెట్టేదట. డెబ్బై ఏళ్ల తర్వాత కూడా పడుకోబోయే ముందు మణికట్టుల్ని దుప్పటికేసి రుద్దుకునేది. మధ్యాహ్నం భోజనంలో డబ్బా పీచ్ ముక్క వేస్తే స్పూనుతో తిప్పి, వెలుతురుకి ఎత్తి, గింజ తీసిన గుంట అంచు చూసేది. సమంగా కొయ్యలేదనుకుంటే పక్కన పెట్టేసేది. "ఇది వెళ్లదు" అనేది, సూపర్‌వైజరు గొంతుతో.

మూడున్నర అవుతుండగా "సైరన్ కొట్టారా?" అని అడిగేది. కొత్తలో నేను ఏ సైరన్, ఫ్యాక్టరీ లేదు కదమ్మా అని వివరించబోయాను. ఆవిడకి కంగారు ఎక్కువైంది. తర్వాత నుంచి "ఇప్పుడే కొట్టారు" అనేదాన్ని. అప్పుడు ఏప్రన్ విప్పుతున్నట్టు నడుం వెనక్కి చేతులు పోనిచ్చి, కుర్చీలో వెనక్కి వాలేది.

*

మేం వెళ్లిన కొద్ది కాలానికే కరువు ముదిరింది. ఆస్ట్రేలియా వాళ్లు దాన్ని మిలీనియం కరువు అంటారు. 2001లో ఆ దేశంలో 16 లక్షల టన్నులకు పైగా ధాన్యం పండింది. 2008కి వచ్చేసరికి 20 వేల టన్నులు కూడా లేదు. ఈ అంకెలు మా వారి డైనింగ్ టేబుల్ మీది కాగితాల్లో చూసేదాన్ని. నాకు తెలిసిన కరువు వేరు. మిల్లు వైపు నుంచి రాత్రిళ్లు వచ్చే హోరు తగ్గింది. బయటి రోడ్ల మీద ధాన్యం లారీలు లేవు. ఇళ్ల ముందు "అమ్మబడును" బోర్డులు. పిల్ల క్లాసులో కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఎర్రటి దుమ్ము రేగి పగలే దీపాలు పెట్టుకున్న రోజులున్నాయి. తలుపు కింద తడి తువ్వాళ్లు కుక్కేవాళ్లం.

కప్పలు కూడా ఆగిపోయాయి. నీళ్లున్న ఏట వరి చేలల్లో రాత్రిపూట ఎద్దు గుమ్మిలో తల పెట్టి రంకె వేసినట్టు ఒక శబ్దం వచ్చేది. బిట్టర్న్ అని కొంగ జాతి పక్షి, కంటికి కనపడదు. పూర్వం జనం దాన్ని బన్‌యిప్ అనే నీటి భూతం అరుపనుకునేవాళ్లట. మా పిల్ల ఆ శబ్దానికి భయపడి నా పక్కలోకి వచ్చేది. కరువులో అది వినపడక నిద్ర పట్టడం లేదని వచ్చేది.

పక్కింటి ఆయన గురించి చెప్పాలి. రిటైరైన వరి రైతు. ఊరికి పదిహేను కిలోమీటర్ల అవతల పొలం, కొడుకు చేస్తున్నాడు. ఆయన తన పేరు చెప్పి అలాగే పిలవమన్నాడు. మా నాన్న వయసు మనిషిని పేరు పెట్టి ఎలా పిలుస్తాం? అంకుల్ అన్నాను. "నాకిలాంటి మేనకోడలుందని మా అక్క ఎప్పుడూ చెప్పలేదే" అన్నాడు. ఇక్కడ పెద్దాయన అనే రాస్తాను. అక్కడ ప్రతి పెరట్లో నిమ్మచెట్టే కాబట్టి వాళ్లావిడ బకెట్లతో కాయలిచ్చేది, నేను ఊరగాయ పెట్టి ఇచ్చేదాన్ని. పెద్దాయన దాన్ని గొర్రె మాంసంలో నంజుకునేవాడు.

కరువులో ఒకసారి నన్నూ పిల్లనీ పొలానికి తీసుకెళ్లాడు. కాలవ నుంచి చేలోకి నీళ్లు వదిలే చోట, నా నడుం దాటిన ఎత్తులో ఒక ఇనుప చక్రం. పీపాలాంటి డ్రమ్ము, దాని చుట్టూ ఎనిమిది రెక్కలు. డెత్రిజ్ చక్రం అంటారు. విక్టోరియాలో జాన్ డెత్రిజ్ అనే ఇంజనీరు 1910లో కనిపెట్టాడు. నీళ్ల తోపుడుకి చక్రం తిరుగుతుంది, ఇరుసుకున్న మీటరు చుట్లు లెక్కపెడుతుంది. ఎన్ని చుట్లు తిరిగితే అన్ని నీళ్లకి బిల్లు. ఆ రోజు రెక్కల మధ్య సాలీడు గూడు కట్టి ఉంది. పెద్దాయన దాన్ని చేత్తో తీసెయ్యబోయి, ఎందుకులే అన్నట్టు వదిలేశాడు.

*

వానలు 2010లో వచ్చాయి. మరుసటేడు ఫిబ్రవరి ఆఖరుకి నాన్న వచ్చాడు. అమ్మ పోయాక ఒంటరిగా ఉన్నాడని బలవంతం చేసి రప్పించాను. రెండు రోజులు టీవీ ముందు కూర్చుని మూడో రోజు "చేలెక్కడే అమ్మాయ్?" అన్నాడు.

పెద్దాయన బండిలో వెళ్లాం. నాన్న పంచె పైకి కట్టి, చెప్పులు బండి దగ్గర విడిచి గట్టెక్కాడు. పెద్దాయన కంగారు పడి పాములుంటాయన్నాడు. నేను తెలుగులో చెప్పాను. "గట్టన్నాక ఉండవూ?" అన్నాడు నాన్న, నడుస్తూనే.

చేను చూసి చాలాసేపు మాట్లాడలేదు. లేజరుతో చదును చేసిన నేల. నీళ్లు అద్దంలా ఒకే మట్టాన నిలబడి ఉన్నాయి. నాన్న వంగి ఈ చివర ఒకసారి, ఆ చివర ఒకసారి వేళ్లు ముంచి లోతు చూశాడు. అక్కడ ఊడ్పులు లేవు, అక్టోబరులో మొలక కట్టిన విత్తనాల్ని విమానంలోంచి వెదజల్లుతారని చెప్తే, మొలక కట్టడం దాకా ఒప్పుకున్నాడు, విమానం దగ్గర నా మొహం చూశాడు, వేళాకోళం చేస్తున్నానేమోనని. జనవరిలో చిరుపొట్ట మీదున్నప్పుడు రాత్రి చలికి గింజ తాలు పోకుండా చేలో జానెడు లోతు నీళ్లు పెడతారట. పెద్దాయన దాన్ని చేత్తో చూపించాడు, పసిపిల్లకి దుప్పటి కప్పినట్టు. దానికి నా అనువాదం అక్కర్లేకపోయింది.

ఆ ఏటికి ఆఖరి తడి అనుకుంటా, చక్రం తిరుగుతోంది. డబుక్... డబుక్... డబుక్. ఒక్కో రెక్క మునిగినప్పుడు ఒక గుక్క మింగినట్టు. నాన్న చుట్టూ చూసి "లస్కరేడీ?" అన్నాడు.

లస్కరెవరో పెద్దాయనకి చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. కాలవ తూములు తిప్పే మనిషి. మా చిన్నప్పుడు దాళ్వాలో వంతు నీళ్ల కోసం నాన్న టార్చిలైటు పట్టుకుని రాత్రంతా తూము దగ్గరే ఉండేవాడు. లస్కరు వస్తే అమ్మ అర్ధరాత్రి లేచి కాఫీ పెట్టేది. ఇవన్నీ చెప్పాను. మాకూ బెయిలిఫ్ ఉంటాడు, కానీ రోజుల ముందే నీళ్లు ఆర్డరిచ్చుకోవాలి, లెక్క మాత్రం ఇది చూస్తుంది అని పెద్దాయన చక్రం మీద చెయ్యి వేశాడు.

నాన్న అరగంట దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. లేచేటప్పుడు అన్నాడు, "దీనికి కాఫీ ఇవ్వక్కర్లేదన్నమాట."

ఏప్రిల్లో కోతలకి మళ్లీ వెళ్లాం. పెద్దాయన ఒక కంకి దూసి రెండు గింజలు నాన్న చేతిలో పెట్టి, రెండు తను నోట్లో వేసుకున్నాడు. ఇద్దరూ ఒకేలా కళ్లు చిట్లించి పంటితో కొరికారు. టక్కుమనాలి, మెత్తగా నలిగితే పచ్చి. ఇద్దరూ ఒకేసారి తలూపారు. మా వారి ఆఫీసులో తేమ కొలిచే మిషనుంది, అదేదో తర్వాత చూసుకుంటారు.

కోత మాత్రం నాన్నకి నచ్చలేదు. రెండొందల ఎకరాల్లో కొడుకూ, ఇంకో కుర్రాడూ. ఒకడు మిషను మీద, ఒకడు ట్రాక్టరు మీద. "మిగతా వాళ్లేరీ?" అన్నాడు. ఇంకెవరూ లేరన్నాను. "భోజనాలు లేని పెళ్లిలా ఉందే" అన్నాడు.

దిగుబడి దగ్గర ఇద్దరికీ భాష కుదరలేదు. వాళ్లది హెక్టారు, టన్ను. మాది ఎకరం, డెబ్బై అయిదు కిలోల బస్తా. నాన్న పుల్ల తీసుకుని మట్టిలో గీశాడు. పెద్దాయన కుర్రతనంలో ఎకరాల లెక్కే, గోతాల్లో ధాన్యం పోసి మూతి కుట్టిన చేతులే, కాబట్టి దారి దొరికింది. హెక్టారుకి పది టన్నులంటే ఎకరానికి నాలుగు టన్నుల పైన, అంటే యాభై మూడు బస్తాల పైన. నాన్న వేళ్లన్నీ విప్పి అయిదుసార్లు చూపించి, మళ్లీ మూడు వేళ్లు. "బస్తా?" అన్నాడు పెద్దాయన. "బస్తా" అన్నాడు నాన్న. సాయంత్రం దాకా అదొక్క మాటా అటూ ఇటూ తిరిగింది.

వెళ్లిపోయే ముందు వారం గడ్డి తగలబెట్టారు. ఫైర్ వాళ్లకి ముందే ఫోన్ చేసి, గాలి చూసుకుని, చీకటి పడే వేళకి. చేను చేనంతా ఎర్రటి గీతలు బారులు తీరి నడుస్తున్నట్టు కదిలాయి. ఆ నెలంతా ఊరి మీద ఆ పొగే. ఆరేసిన దుప్పట్లలో, పిల్ల జుట్టులో అదే వాసన. నాకది కార్తీకమాసం చలిలా హాయిగా ఉండేది. నాన్న రెండు నిమిషాలు చూసి, "గేదెలు లేవూ వీళ్లకి?" అని బండిలో కూర్చున్నాడు. మళ్లీ అటు తిరగలేదు.

*

జూలైలో ఫోన్ చేస్తే "ఈసారి సార్వా వేయట్లేదమ్మా" అన్నాడు. ఒక్క నాన్నే కాదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. కూలీ, ఎరువు పెరిగాయి, ధర రాదు, డ్రెయిన్లు పూడిపోయి వాన వస్తే చేలు మునుగుతాయి. వేసి నష్టపోవడం కంటే వేయకుండా కూర్చుందాం అనుకున్నారు.

"వాళ్లది నీళ్లు లేక బీడు. మాది నీళ్లుండీ బీడు. మీ పెద్దాయనకి చెప్పు" అన్నాడు.

కంచె దగ్గర నిలబడి చెప్పాను. "నీళ్లుండీనా?" అన్నాడు పెద్దాయన. అవునన్నాను. టోపీ తీసి, తల గోక్కుని, మళ్లీ పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి మళ్లీ అడిగాడు, "కాలవలో నీళ్లుండీ?"

నాన్న లీటన్ నుంచి తెచ్చుకున్న ఇంగ్లీషు "నాట్ బ్యాడ్" ఒక్కటే. తమ్ముడి పెళ్లిచూపుల్లో కాఫీ తాగి "నాట్ బ్యాడ్" అన్నాడట, ఆడపెళ్లివారు బెంగ పెట్టుకున్నారట. ఆ అమ్మాయే మా మరదలు.

మేం పిల్ల చదువు కోసం మెల్‌బోర్న్ వచ్చేశాం. కొన్నేళ్ల తర్వాత ఒకసారి లీటన్ వెళ్లాను. తూముల దగ్గర చక్రాలు తీసేసి సోలార్ పలకతో, తమంతట తామే లేచి దిగే గేట్లు పెట్టారు. చప్పుడు లేదు. ఒక చక్రం ఎవరింటి ముందో కనపడింది, రెక్కల మధ్య మట్టి నింపి పూలమొక్కలు వేశారు. కారు ఆపి దిగి, కాలితో కొంచెం తోసి చూశాను. సిమెంటులో పాతేసినట్టున్నారు.

*

పొగ వచ్చిన మర్నాడు మా చేను కోత. పదకొండు గంటలకి గట్టు మీద నిలబడి లీటన్‌కి వీడియో కాల్ చేశాను. అక్కడ సాయంత్రం టీ వేళ. పెద్దాయన ఇప్పుడు నేను పనిచేసిన ఆశ్రమంలోనే ఉన్నాడు. వాళ్లావిడ పోయింది. నా ఉద్యోగంలో ఉన్న నేపాలీ అమ్మాయి ఫోన్ పట్టుకుంది. మనిషి సగమయ్యాడు, టోపీ అలాగే ఉంది. నాన్న సంగతి పోయినేడే చెప్పాను, గుర్తుందో లేదో తెలియలేదు. మళ్లీ చెప్పాలా అని ఆలోచిస్తుంటే వెనక మిషను హోరు విని "ఏంటది?" అన్నాడు. ఫోన్ తిప్పి చేను చూపించాను.

కాసేపు చూశాడు. తర్వాత అడిగాడు, "హౌ మెనీ బస్తా?"

తమ్ముడిని కేకేశాను. వాడు మిషను చప్పుడులో వినపడక అటు గట్టు మీద నుంచే నాలుగు వేళ్లు ఎత్తి, మళ్లీ రెండు ఎత్తాడు.

"ఫార్టీ టూ" అన్నాను.

పెద్దాయన దవడ కదిలింది, గింజ కొరుకుతున్నట్టు.

"నాట్ బ్యాడ్" అన్నాడు. "నాట్ బ్యాడ్."